వేలు పరుగు, బొమ్మ నడక

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: వేలితో గబగబా జరుపుతుంటే ఫోన్లో బొమ్మలు వెంట రావడం లేదని. ఒకరిది గ్యాలరీ, ఒకరిది సొంతంగా రాసుకుంటున్న యాప్, ఒకరిది మొన్న కొన్న కొత్త ఫోన్. తెరమీద బొమ్మలు తడబడకుండా జరిగేలా చూడటమే పదిహేనేళ్లుగా నాకు కూడు పెడుతున్న పని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. ఫోన్ బ్యాటరీ ఉబ్బిందని రాసిన ఇద్దరు మాత్రం నా జవాబు కోసం వచ్చే నెల దాకా ఆగకండి. చార్జింగ్ పెట్టడం మానేసి ఇవాళే షాపుకు తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. ఫోన్ గ్యాలరీలో 18,000 ఫొటోలున్నాయి. మనవరాలి బారసాల ఫొటోలు వెతుకుదామని గబగబా తోస్తే ముందు బూడిదరంగు గళ్లు వస్తాయి. నేను ఆగాక ఒక్కొక్కటిగా బొమ్మలు నిండుతాయి. పదిహేను రోజుల కిందటి దాకా ఇలా లేదు. షాపతను 'ఫోన్ ముసలిదైపోయిందమ్మా, మార్చేయండి' అంటున్నాడు. నిజంగా మార్చాలా బాబూ?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మార్చకండమ్మా. 'పదిహేను రోజుల కిందటి దాకా ఇలా లేదు' అన్న ఒక్క మాట పట్టుకుని మీకు ఫోన్ చేశాను, గుర్తుందిగా. మాటల్లో సంగతి బయటపడింది. పండక్కి వచ్చిన అల్లుడుగారు, మీ ఫోన్లో చోటు చాలడం లేదని, చెత్త ఊడ్చే యాప్ ఒకటి వేసి వెళ్లారు. అది రోజూ రాత్రి ఊడుస్తోంది. ఊడ్చిన ప్రతిసారీ ఇన్ని వందల ఎంబీల చెత్త తీసేశానని చెబుతుంటే మీరూ సంతోషిస్తున్నారు. ఆ చెత్తలో ఏముందో చెబుతాను.

మీ ఫోన్ తీసే ఒక్కో ఫొటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలుంటాయి. అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఫైలుగా దాచినప్పుడు అది మూడు నాలుగు ఎంబీలకు మించదు. సిరిసిల్ల నేతన్నలు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారని పత్రికల్లో చదివే ఉంటారు. ఫొటోను దాచే జేపెగ్ ఫైలు అలాంటిదే. పెట్టెలో ఉన్నంతసేపు గుప్పెడు. కట్టుకోవాలంటే మాత్రం మడతలన్నీ విప్పాలి. ఫోన్ కూడా ఫొటోను తెరమీద పెట్టాలంటే మడతలు విప్పాల్సిందే. విప్పితే చుక్కకు 4 బైట్ల లెక్కన ఒక్క ఫొటో 48 ఎంబీ అవుతుంది. మీ గ్యాలరీలో అడ్డంగా 4, నిలువుగా 8, మొత్తం 32 ఫొటోలు ఒకేసారి కనిపిస్తాయన్నారు. అన్నిటినీ పూర్తిగా విప్పితే 1,536 ఎంబీ. మీ ఫోన్లో ర్యామ్ అంతా కలిపి 4 జీబీ. అందులోనే ఆండ్రాయిడూ ఉండాలి, వాట్సాపూ ఉండాలి.

ఇంతా చేసి ఆ గడి ఎంత? మీ తెర వెడల్పు 1,080 చుక్కలు. నాలుగు గళ్లు, ఒక్కోటి 270. అరచేయంత కిటికీకి ఆరు గజాల చీర కర్టెన్‌గా వేలాడదీయడమే అది. 270 చుక్కల గడికి 270 చుక్కల బొమ్మ చాలు. అదైతే విప్పినా 0.3 ఎంబీ దాటదు, 32 కలిపినా పది ఎంబీలకు లోపే. అందుకని గ్యాలరీ ముందే జాగ్రత్తపడుతుంది. ప్రతి ఫొటోకూ ఒకసారి బుల్లి నకలు తయారుచేసి పక్కన దాచుకుంటుంది. థంబ్‌నెయిల్ అంటారు, బొటనవేలి గోరంత అని. జరిపేటప్పుడు మీరు చూసేవి ఆ గోళ్లే, ఫొటోలు కావు. అల్లుడుగారి యాప్ రాత్రిపూట ఊడ్చి పారేస్తున్నది సరిగ్గా ఆ గోళ్లనే. పొద్దున మీరు గ్యాలరీ తెరిస్తే పాపం అది 18,000 ఫొటోలకూ మళ్లీ మొదటినుంచి గోళ్లు చెక్కుకుంటూ కూర్చుంటోంది.

ఇక దాని తొందర ఎంతో వినండి. మీ తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. ఒక్కో మార్పుకు దొరికే వ్యవధి 16.7 మిల్లీ సెకన్లు. మా నాన్న చీరాల దగ్గర ఒక టూరింగ్ టాకీస్‌లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశారు. ఆయనకు సెకనుకు 24 ఫ్రేములే, అవీ ఎప్పుడో ఫిల్ము మీద అచ్చయిపోయినవి. ఫోన్‌కు ఆ సుఖం లేదు. ప్రతి ఫ్రేమూ అప్పటికప్పుడు గీసుకోవాలి, మీ వేలు మరుక్షణం ఎటు పోతుందో తెలియకుండానే. సమయానికి గీయలేకపోతే పాత ఫ్రేమే ఇంకోసారి పడుతుంది. కంటికి అది బస్సు చక్రం గుంతలో పడ్డట్టు తగులుతుంది. మా ఆఫీసుల్లో దాన్ని 'జాంక్' అంటాం. 12 మెగాపిక్సెళ్ల, అంటే కోటీ ఇరవై లక్షల చుక్కల ఫొటో మడతలు విప్పడం 16 మిల్లీ సెకన్లలో అయ్యే పని కాదు.

అప్పుడు ఫోన్ ముందు రెండు దారులుంటాయి. ఫొటో విప్పేదాకా మీ వేలిని ఆపి కూర్చోబెట్టొచ్చు. లేదా వేలిని పోనిచ్చి, ఫొటో చోట బూడిద గడి పెట్టి, వీలు చిక్కినప్పుడు నింపుకోవచ్చు. మీ గ్యాలరీ రాసినవాళ్లు రెండోది పట్టుకున్నారు. వాళ్లను తిట్టకండి. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్లో సఫారీ బ్రౌజర్‌కు కూడా ఇదే తంటా ఉండేది. పేజీని విసురుగా తోస్తే రాతల బదులు చదరంగం బల్లలా బూడిద, తెలుపు గళ్లు కనిపించేవి. అది పేజీని పలకలు పలకలుగా గీసుకునేది. గీయడం వేలి వేగాన్ని అందుకోలేనప్పుడు ఆ గళ్లు బయటపడేవి. మొదటిసారి మిత్రుడి చేతిలో చూసి ఇంత డబ్బు పోసి గళ్లా అని నవ్వాను. నా జేబులో ఉన్న ఫోన్లో గళ్లుండేవి కావు మరి. కాని అందులో వేలు జరిపాక అరక్షణానికి గాని పేజీ కదిలేది కాదు. వాడి ఫోన్లో ఆ గళ్లు కూడా వేలికి అతుక్కున్నట్టు జరిగేవి. పది నిమిషాలు వాడి చూశాక నా ఫోన్ మీద నాకే విసుగొచ్చింది. వేలు ఆగకూడదు, బొమ్మ ఆగితే ఆగొచ్చు. అప్పటినుంచి నా లెక్క ఇదే. దీనికి ఒప్పుకోనివాళ్లు మా ఆఫీసులోనే ఇద్దరున్నారు. గళ్లు చూపించడం కంటే కాస్త ఆగడమే మర్యాద అంటారు వాళ్లు.

గోరు చెక్కడంలో ఒక ముచ్చట చెప్పనివ్వండి, మీకు అవసరం లేకపోయినా. జేపెగ్ పద్ధతి 1992 నాటిది. అది ఫొటోను 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు ఉండే గళ్లుగా కోసుకుని, ప్రతి గడికీ మొదటి అంకెగా ఆ గడి సగటు వెలుగును రాసుకుంటుంది. తక్కిన వివరాలు దాని తర్వాత. కాబట్టి చిన్న బొమ్మే కావాలనుకుంటే తక్కిన వివరాల లెక్కలోకి దిగకుండా ఆ మొదటి అంకెలనే ఏరుకోవచ్చు. 4,000 చుక్కల ఫొటో 500 చుక్కల బొమ్మగా చాలా చవగ్గా వచ్చేస్తుంది. ముప్పై ఏళ్లు దాటిన ఈ చిట్కా మీ గ్యాలరీకి ఇవాళ్టికీ పనికొస్తుంది.

మీరు చేయాల్సింది ఇదీ. ఆ ఊడ్చే యాప్ తీసేయండి. అల్లుడుగారు అడిగితే నా పేరు చెప్పండి. రాత్రి ఫోన్‌ను చార్జింగ్‌కు పెట్టి, గ్యాలరీ తెరిచి, ఒకసారి పైనుంచి కిందిదాకా నిదానంగా జరపండి. రెండు మూడు రాత్రుల్లో గోళ్లన్నీ తయారవుతాయి. ఫొటోలు మెమరీ కార్డులో ఉన్నాయన్నారు కదా, ఆ కార్డు బయటికి తీసి చూడండి. దాని మీద చిన్న వలయంలో 4 అని ఉంటే అది సెకనుకు 4 ఎంబీలు రాయగలనని మాత్రమే హామీ ఇచ్చే పాతకాలపు కార్డు. 10 అని ఉన్నది తెచ్చుకోండి, లేదా ఫొటోలను ఫోన్ లోపలి నిల్వలోకి మార్చుకోండి. బారసాల కోసం 18,000 తోసుకుంటూ పోవద్దు. చాలా గ్యాలరీల్లో కుడి అంచున చిన్న పట్టు ఉంటుంది. దాన్ని పట్టుకు లాగితే నెలలు, సంవత్సరాలు కనిపిస్తాయి. ఆ 18,000లో శుభోదయాలు ఎన్నున్నాయో నేను అడగను.

ప్రశ్న: అన్నా, బీటెక్ మూడో సంవత్సరం. అమ్మకు ఉప్పాడ, వెంకటగిరి చీరల కొట్టు ఉంది. దానికోసం ఆండ్రాయిడ్ యాప్ రాస్తున్నా. జాబితాను వేగంగా జరిపితే వెంకటగిరి చీర పేరు పక్కన ఉప్పాడ చీర ఫొటో వచ్చి, అరక్షణం తర్వాత మారుతోంది. ఒక్కోసారి రెండుసార్లు మారుతోంది. పైగా గతుకులు. కోడ్ రెండు పేజీలు రాసి పంపుతున్నా.
ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: తమ్ముడూ, ఈ తప్పు చేయనివాడు ఈ పనిలో లేడు. నేను చేసింది విను, నీది చిన్నదనిపిస్తుంది.

2013లో ఒక పెళ్లిసంబంధాల యాప్‌కు పనిచేశాను. సంస్థ పేరు అనవసరం. పరీక్ష కోసమని వధువులు, వరులు అందర్నీ ఒకే జాబితాలో పెట్టాం. యజమాని తన భార్యను వెంటబెట్టుకుని చూడటానికొచ్చారు. నేను నెమ్మదిగా జరిపి చూపిస్తుంటే అంతా బాగుంది. ఆవిడ ఫోన్ తన చేతిలోకి తీసుకుని ఒక్క తోపు తోశారు. ఆగాక ఒక అమ్మాయి పేరు, చదువు, గోత్రం, వాటి పక్కన కోరమీసాల ఫొటో. 'ఈ పిల్లకు మీసాలేంటండీ' అన్నారావిడ. ఆ మాట పూర్తయ్యేలోపే అమ్మాయి ఫొటో వచ్చేసింది. కాని అప్పటికే గదిలో అందరూ చూశారు.

ఎందుకలా అవుతుందో మా మాదాపూర్ ఆఫీసు కింద ఉండే టిఫిన్ బండి దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఆయన దగ్గర ప్లేట్లు ఇరవై. పొద్దున తినిపోయేవాళ్లు రెండొందలు. ఒకరు తినగానే ప్లేటు కడిగి ఇంకొకరికి. నీ రీసైక్లర్‌వ్యూ (జాబితాను చూపించే కోడ్) చేసేది అదే, రీసైకిల్ అని పేరులోనే ఉంది. చీరలు 600 ఉన్నా తెరమీద పట్టేవి ఆరేడు వరుసలు. పైన దాటిపోయిన వరుసనే తెచ్చి కింద మళ్లీ వాడుతుంది, కొత్తది తయారుచేసే ఖర్చు లేకుండా. 2014లో అది రాకముందు లిస్ట్‌వ్యూలోనూ ఇదే పద్ధతి.

ఇప్పుడు బండి దగ్గర ఇద్దరు పనివాళ్లున్నారనుకో. ఒకడు '7వ నంబరు ప్లేటుకు దోసె' అని పెనం దగ్గర చెప్పి నిలబడ్డాడు. దోసె కాలేలోపు ఆ ప్లేటు మనిషి విసుగుపుట్టి వెళ్లిపోయాడు. ప్లేటు కడిగి ఇడ్లీ అడిగిన మనిషికి ఇచ్చేశారు. దోసె రాగానే మనవాడు నేరుగా 7వ నంబరు ప్లేటులో వేసేశాడు. ఇడ్లీ మనిషి ప్లేటులో దోసె. నీ కోడ్‌లో జరుగుతున్నది అచ్చం ఇదే. ఫొటోను ప్లేటు నంబరుతో అడుగుతున్నావు, మనిషి పేరుతో అడగడం లేదు. రెండుసార్లు మారడం ఎందుకంటే ఆ ప్లేటుకు ముందు అడిగిన రెండు దోసెలూ వరసగా వచ్చిపడుతున్నాయి.

వరుస చేతికి రాగానే ముందు పాత ఫొటో తుడిచేయి. ప్లేటు కడగకుండా ఇవ్వకూడదు. ఆ ప్లేటు పేరుమీద పెనం దగ్గర ఏదైనా పాత ఆర్డరు ఉంటే రద్దు చేయి. రద్దు అందేలోపే దోసె దిగిపోయి ఉండొచ్చు. అందుకని తెచ్చి వేసేముందు 'నువ్వేనా దోసె అడిగింది' అని ఇంకోసారి అడుగు. అంటే వరుసకు చీర నంబరు ట్యాగుగా తగిలించి, ఫొటో వచ్చాక ఆ ట్యాగు ఇంకా అదేనా అని చూసుకోవడం. మీసాల పూటంతా కూర్చుని ఈ చివరి తనిఖీనే చేర్చాను, నాలుగు లైన్లు. గ్లైడ్, కాయిల్ లాంటి లైబ్రరీలు (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్) ఇదంతా గుట్టుగా చేసిపెడతాయి. నువ్వు ఒకసారి చేత్తో రాయి, పనిచేసిందని చూసుకో, తర్వాత దాన్ని తీసేసి లైబ్రరీ పెట్టుకో. చేత్తో రాయకుండా లైబ్రరీ పెట్టుకున్నవాళ్లు అది మొరాయించిన రోజున దిక్కులు చూడటం నేను చాలాసార్లు చూశాను.

గతుకుల సంగతి. నువ్వు పంపిన రెండో పేజీలో పైనుంచి తొమ్మిదో లైను చూడు. వరుసలో వివరాలు నింపే ఆన్‌బైండ్‌వ్యూహోల్డర్ లోపలే, ఫొటోలు విప్పే బిట్‌మ్యాప్‌ఫ్యాక్టరీని పిలిచి ఫైలు విప్పుతున్నావు. యాప్ పనులు ఒక్కోటి ఒక్కో దారం మీద నడుస్తాయి. అది వేలిని చూసుకునే దారం, మెయిన్ థ్రెడ్. వడ్డించేవాణ్ణే వంటింట్లో పిండి రుబ్బమంటే పంక్తిలో కూర్చున్నవాళ్ల గతేంటి? విప్పడం వేరే దారానికి అప్పగించు. విప్పేటప్పుడు ఎన్నో వంతుకు కుదించాలో చెప్పే ఇన్‌శాంపుల్‌సైజ్ 4 ఇచ్చావంటే 4,000 చుక్కల వెడల్పు 1,000 అవుతుంది, ఎత్తు 750. 48 ఎంబీ కాస్తా 3 ఎంబీ. అక్కడ 2, 4, 8 ఇలా రెట్టింపు అంకెలే ఇవ్వాలి. 3 ఇస్తే అది తనంతట తనే 2కు దిగుతుంది. విప్పినవాటిని ఎల్‌ఆర్‌యూ క్యాష్‌లో, అంటే చోటు నిండితే చాలాసేపుగా వాడనిదాన్ని ముందు పారేసే అరలో ఉంచుకో. యాప్‌కు దొరికే మెమరీలో ఎనిమిదో వంతు ఇవ్వడం పాత ఆనవాయితీ, మొదలుపెట్టడానికి అది బాగానే ఉంటుంది.

ముందుచూపు గురించి, అంటే రాబోయేవాటిని ముందే తెచ్చి పెట్టుకోవడం గురించి కూడా ఉత్తరంలో అడిగావు. మా నాన్న పనిచేసిన రోజుల్లో ఒకే ప్రింటుతో రెండు హాళ్లలో ఆట నడిపేవారు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. ఇక్కడ ఆడిన రీలును పెట్టెలో వేసుకుని ఒక కుర్రాడు సైకిల్ తొక్కుకుంటూ పక్క ఊరి హాలుకు పోయేవాడు. అక్కడ ఆట కావాలనే ఆలస్యంగా మొదలుపెట్టేవారు. కుర్రాడు వేళకు చేరితే జనానికి అసలు రీలు ప్రయాణం చేసిందన్న సంగతే తెలియదు. టైరు పంక్చరైతే మాత్రం ఈలలు. రీసైక్లర్‌వ్యూ కూడా వేలు ఎటు పోతోందో చూసి, ఒక ఫ్రేము గీయడం అయ్యాక మిగిలిన ఖాళీలో రాబోయే వరుసను సిద్ధం చేసుకుంటుంది. దానికితోడు నువ్వు రాబోయే నాలుగైదు చీరల ఫొటోలు ముందే తెప్పించి పెట్టొచ్చు. నలభై మాత్రం తెప్పించకు. వేలు వెనక్కి తిరిగితే ఆ డేటా ఖర్చంతా కొట్టుకు వచ్చినవాళ్ల నెత్తిన పడుతుంది.

చివరగా, ఇదంతా నీ ఫోన్లో కాదు, అమ్మ ఫోన్లో పెట్టి చూడు.

ప్రశ్న: 120 హెర్ట్జ్ తెర అని చెబితే అదనంగా డబ్బు పెట్టి కొన్నాను. మా తమ్ముడి 60 హెర్ట్జ్ ఫోన్‌కూ దీనికీ తేడా తెలియడం లేదు. కాంటాక్టుల జాబితా వేగంగా జరిపితే పేర్లు ఇప్పటికీ చదవలేకపోతున్నాను. మోసపోయానా?
ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు సెట్టింగుల్లో డిస్‌ప్లే కిందికి వెళ్లి చూడండి. కొన్ని ఫోన్లు బ్యాటరీ కోసమని 60 దగ్గరే కట్టేసి ఇస్తాయి. బ్యాటరీ సేవర్ నడుస్తుంటే 120 నుంచి మళ్లీ 60కి దింపేస్తాయి కూడా. అక్కడ 120 అనే ఉందనుకుందాం. 120 హెర్ట్జ్ అంటే తెర సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చడం. ఒక్కో ఫ్రేముకు దొరికేది 8.3 మిల్లీ సెకన్లే. 60కి సరిపడా పనిచేసే యాప్ ఇక్కడ సగం సమయంలో అదే పని చేయాలి. చేయలేనిచోట మీరు 120కి డబ్బిచ్చి 60 చూస్తున్నట్టే. దానికి బాధ్యత ఫోన్‌ది కాదు, యాప్‌ది.

పేర్లు చదవలేకపోవడం వేరే సంగతి. మా నాన్న ప్రొజెక్టర్లో దీపం ముందు తిరిగే రెక్కలుండేవి. ఫిల్ము ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు జరిగేటప్పుడు రెక్క వెలుగును మూసేసేది. ఫ్రేము నిలిచి ఉన్నప్పుడు కూడా మధ్యలో ఒకసారి మూసేది, మినుకు తెలియకుండా. అంటే 24 ఫ్రేములు, 48 వెలుగులు, వాటి మధ్య చీకటి. ఫోన్ తెరకు సాధారణంగా ఆ చీకటి ఉండదు. తర్వాతి బొమ్మ వచ్చేదాకా పాత బొమ్మ అక్కడే వెలుగుతూ నిలబడుతుంది. మీ కన్నేమో పేరు వెంట ఆగకుండా జారుతుంటుంది. నిలిచిన బొమ్మ, జారే కన్ను, రెండూ కలిస్తే అక్షరం అలుక్కుపోతుంది. జాబితా సెకనుకు 3,000 చుక్కల వేగంతో పోతుంటే 60 హెర్ట్జ్‌లో ఆ మరక 50 చుక్కల పొడవు, 120లో 25. కాబట్టి మీ డబ్బు మరకను సగం చేసింది, మొత్తంగా తుడవలేదు. తమ్ముడి ఫోన్, మీ ఫోన్ పక్కపక్కన పెట్టి, ఒకే జాబితాను నిదానంగా జరిపి చూడండి. విసిరేటప్పుడు ఎవరూ చదవరు. నిదానంగా జరిపేటప్పుడే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: వాట్సాప్‌లో ఎవరైనా ఫొటో పంపితే ముందు మసగ్గా కనిపించి, తర్వాత తేటపడుతుంది. పంపినవాళ్లే అలా దాచి పంపుతున్నారా?
ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఎవరూ దాచలేదండీ. అసలు ఫొటో ఇంకా రానేలేదు. సందేశంతోపాటే ఒక చిటికెడు బొమ్మ ముందుగా వస్తుంది. దాన్ని పెద్దగా సాగదీసి, గళ్లు కనబడకుండా మసక చేసి చూపిస్తారు. చీర ఇంకా దారిలో ఉంది, ముందుగా రంగు తెలియడానికి చిన్న గుడ్డముక్క పంపారనుకోండి. ఈ ముక్కను ఎంత చిన్నది చేయొచ్చన్నదాని మీద జనం చాలా బుర్ర పెట్టారు. 2015లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు కవర్ ఫొటో ముందస్తు బొమ్మను 200 బైట్లకు కుదించామని వివరంగా రాశారు. కంప్యూటర్లో తెలుగు అక్షరాలు, గుణింతపు గుర్తులు సాధారణంగా ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటాయి. 200 బైట్లలో మీరు రాసిన ప్రశ్నలో మొదటి వాక్యం ఒక్కటే పడుతుంది.

ప్రశ్న: పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. పెళ్లయ్యాక ఒక వెబ్ పేజీ చేసి 300 ఫొటోలు పెట్టి లింకు పంపుతాను. ఫోన్లో తెరిస్తే నిలిచిపోతోందని, చూస్తున్న ఫొటో ఉన్నట్టుండి కిందికి పారిపోతోందని పార్టీలు గొడవ. ఫొటోల నాణ్యత తగ్గించడం నాకు ఇష్టం లేదు.
ఒక ఫొటోగ్రాఫర్, నరసరావుపేట

జవాబు: మీ కెమెరా 24 మెగాపిక్సెళ్లది, ఫొటో 6,000 చుక్కల వెడల్పు, 4,000 ఎత్తు. విప్పితే ఒక్కోటి 96 ఎంబీ. నాణ్యత తగ్గించనని మీరు పంతం పట్టారు గాని, చూసేవాళ్ల తెర వెడల్పు 1,080 చుక్కలే. మీరు పంపిన 6,000లో తక్కినవి వాళ్ల ఫోన్ విప్పి, పారేస్తోంది. పేజీలో పెట్టడానికి పొడవు వైపు 2,048 ఉండేలా ఇంకో వరస ఎగుమతి చేయండి. వేళ్లతో సాగదీసి నగలు చూసుకోవడానికి కూడా అది చాలు. విప్పితే 11 ఎంబీ చిల్లర. అసలు ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఎలాగూ ఇస్తారు.

ఫొటో కిందికి పారిపోవడానికి కారణం వేరు. పైనున్న ఫొటోలు ఎంత ఎత్తుంటాయో బ్రౌజర్‌కు మీరు చెప్పలేదు. అది సున్నా అనుకుని పేజీ అమర్చింది. ఫొటో దిగగానే చోటు కావాల్సివచ్చి కిందివాటిని నెట్టేసింది. పంక్తిలో ముందే విస్తళ్లు వేసి ఉంచితే వచ్చినవాళ్లు తమ చోట్లో కూర్చుంటారు. విస్తరి లేకపోతే ప్రతివాడూ పక్కవాణ్ణి జరగమంటాడు. ప్రతి ఫొటో ట్యాగులోనూ (పేజీ కోడ్‌లో ఆ ఫొటోను పిలిచే చోట) వెడల్పు, ఎత్తు రాయండి. రాశారంటే ఆ గొడవ అక్కడితో సరి.

300 ఫొటోలూ ఒక్కసారిగా దిగనివ్వకండి. ట్యాగులో లోడింగ్ అన్నచోట లేజీ అని రాస్తే చూపు దగ్గరికి వచ్చినప్పుడే దిగుతాయి. 2019లో క్రోమ్‌లోకి వచ్చింది ఈ సదుపాయం. మొదట కనిపించే నాలుగైదు ఫొటోలకు మాత్రం అది పెట్టొద్దు, పెడితే పేజీ తెరవగానే ఖాళీగా కనిపిస్తుంది. ఎగుమతి చేసేటప్పుడు ప్రోగ్రెసివ్ అన్న గడిలో టిక్కు పెట్టండి. నెట్ నత్తనడక నడిచే ఊళ్లలో ఫొటో పైనుంచి కిందికి పాకుతూ రాకుండా, మొత్తం ఒకేసారి మసగ్గా వచ్చి తేటపడుతుంది.

అన్నీ అయ్యాక లింకు ముందు పార్టీకి కాదు, ఆ ఇంట్లో అందరికంటే పాత ఫోన్ ఎవరిదో కనుక్కుని వాళ్లకు పంపండి. సాధారణంగా అది పెళ్లికూతురి అమ్మమ్మది అయ్యుంటుంది. జీలకర్ర-బెల్లం ఫొటో దాకా ఆవిడ ఆగకుండా జరిపారంటే తక్కినవాళ్లకు పంపొచ్చు.